మైనస్ డెబ్బై నుంచి ఐఎల్ఆర్ దాకా: లిపిడ్ నానో రేణువుల ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

మా ప్రయోగశాలలో ఈ నెల మొదలవుతున్నది కొత్త టీకాను కనిపెట్టే పని కాదు. ప్రోటీన్ తయారీ సందేశాన్ని మోసే ఎంఆర్ఎన్ఏను కణాల్లోకి చేర్చే లిపిడ్ (కొవ్వు జాతి పదార్థాల) నానో రేణువులను పొడిగా ఆరబెట్టి, 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నెలల తరబడి నిల్వ ఉంచి, తిరిగి నీళ్లు కలిపినప్పుడు అవి మునుపటిలాగే పనిచేసేటట్టు చేయగలమా అన్నదే మా ముందున్న ప్రశ్న. లోపల పెట్టే ఎంఆర్ఎన్ఏ కూడా ఏ వ్యాధికీ చెందినది కాదు. మిణుగురు పురుగుకు వెలుగునిచ్చే లూసిఫరేజ్ అనే ఎంజైమును తయారుచేయించే సందేశం అది. ఆ సందేశం కణంలోకి క్షేమంగా చేరి ప్రోటీన్‌గా మారితే, లూసిఫెరిన్ కలిపినప్పుడు వెలుగు వస్తుంది. ఆ వెలుగును యంత్రంతో కొలిచి, రేణువు తన పని ఎంతవరకు చేసిందో అంకెల్లో చెప్పవచ్చు.

2020 చివర ఫైజర్–బయాన్‌టెక్ టీకా వచ్చినప్పుడు దానికి మైనస్ 60 డిగ్రీల కంటే చల్లగా ఉండే ఫ్రీజర్లు కావలసి వచ్చాయి. మోడర్నా టీకాకు మైనస్ 20 డిగ్రీల దగ్గరి చల్లదనం సరిపోయింది. మన సార్వత్రిక టీకా కార్యక్రమంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దగ్గర ఉండేది ఐఎల్ఆర్, అంటే లోపలి గోడల వెంట మంచు పొర ఉండి, కరెంటు పోయినా కొన్ని గంటలపాటు 2–8 డిగ్రీల మధ్య నిలకడగా ఉండే ఫ్రిజ్. దాని పక్కనుండే డీప్ ఫ్రీజర్ ప్రధానంగా ఐస్ ప్యాకులు గడ్డకట్టించడానికే పనికొస్తుంది. అక్కడి నుంచి ఉపకేంద్రానికి, ఊళ్లోకి వెళ్లేది నాలుగు ఐస్ ప్యాకులు పట్టే వ్యాక్సిన్ క్యారియర్ మాత్రమే. ఈ గొలుసులో ఎక్కడా మైనస్ 70 డిగ్రీలకు చోటు లేదు కాబట్టి, గొలుసును మార్చడం కన్నా రేణువును మార్చడం తేలిక అన్న నమ్మకంతో ఈ పనికి పూనుకున్నాం.

ఇది అసాధ్యమేమీ కాదని ఇప్పటికే రుజువైంది. పుణేలోని జెన్నోవా సంస్థ 2–8 డిగ్రీల్లో నిల్వ ఉండే ఎంఆర్ఎన్ఏ టీకాకు 2022 జూన్‌లో అత్యవసర అనుమతి పొందింది. తనను తాను నకలు చేసుకునే ఆర్ఎన్ఏతో ఆర్క్‌టరస్ రూపొందించిన, ఆరబెట్టిన టీకాకు 2023 నవంబరులో జపాన్ అనుమతినిచ్చింది. హైదరాబాదులో సీసీఎంబీ 2022 మేలో సొంత ఎంఆర్ఎన్ఏ టీకా సాంకేతికతను ప్రకటించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, దక్షిణాఫ్రికాలో నెలకొల్పిన కేంద్రం నుంచి ఈ విద్యను అందుకోవడానికి హైదరాబాదుకే చెందిన బయోలాజికల్ ఇ సంస్థను ఎంపిక చేసింది. కాబట్టి నగరానికి ఈ విషయం కొత్త కాదు. అయితే ఆరబెట్టడంలోని అసలు మెలకువలు కంపెనీల గుప్పిట్లో ఉన్నాయి. ప్రచురితమైన వ్యాసాల్లో రేణువులను కాపాడటానికి ఏ చక్కెర, ఎంత మోతాదులో అన్నది దొరుకుతుంది గానీ, ఏ బ్యాచ్ ఎందుకు చెడిందన్నది అరుదుగా కనిపిస్తుంది. ఈ డైరీలో ఆ రెండో సంగతికే ఎక్కువ చోటిస్తాను.

జూన్, మూడో వారం

కూర్పు మీద చర్చ ముగిసింది. కొత్త లిపిడ్ కోసం వెతుకులాట పెట్టుకోకుండా, 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన పాటిసిరాన్ అనే మందులో వాడిన ఎంసీ3 లిపిడ్‌నే ఎంచుకున్నాం. ఆ మందులో ఉండేది చిన్న అంతరాయ ఆర్ఎన్ఏ, అంటే ఒక జన్యువు పనిని ఆపే పొట్టి ఆర్ఎన్ఏ; మాది అంతకంటే ఎన్నో రెట్లు పొడవైన ఎంఆర్ఎన్ఏ. అయినా నాలుగు లిపిడ్ల పాళ్లు మాత్రం అవే తీసుకున్నాం: మోలార్ లెక్కన ఎంసీ3 50, డీఎస్పీసీ అనే ఫాస్ఫోలిపిడ్ 10, కొలెస్టరాల్ 38.5, పెగ్ లిపిడ్ 1.5. ఎంసీ3 గురించి ప్రచురితమైన సమాచారం ఎంతో ఉంది కాబట్టి, మా అంకె ఏదైనా తేడాగా వస్తే లోపం లిపిడ్‌దా, మా ఆరబెట్టే పద్ధతిదా అన్నది పోల్చి చూసుకోవచ్చు.

ఈ నాలుగింటిలో అసలు పని ఎంసీ3ది. దీని పీకేఏ, అంటే సగం అణువులు ఆవేశంతో ఉండే పీహెచ్, సుమారు 6.4. అందువల్ల పీహెచ్ 4 దగ్గర దానికి ధనావేశం ఉండి, ఋణావేశం గల ఆర్ఎన్ఏను గట్టిగా పట్టుకుంటుంది; రక్తపు పీహెచ్ అయిన 7.4 దగ్గర దాదాపు తటస్థంగా మారి, కణాలకు హాని చేయకుండా తిరుగుతుంది. కణం దాన్ని మింగి ఎండోసోమ్ అనే సంచిలో పెట్టినప్పుడు, ఆ సంచిలో ఆమ్లత పెరిగేకొద్దీ మళ్లీ ఆవేశం తెచ్చుకుని, సంచి పొరలోని ఋణావేశ లిపిడ్లతో జతకట్టి ఆ పొరను చెదరగొడుతుంది. అలా బయటపడి కణద్రవ్యంలోకి చేరే ఆర్ఎన్ఏ వంతు చాలా తక్కువ. చిన్న అంతరాయ ఆర్ఎన్ఏతో 2013లో ప్రచురితమైన అధ్యయనం ఆ వంతు ఒకటి రెండు శాతమేనని అంచనా వేసింది. ఇంత సన్నని దారి గుండా సాగే పని గనుక, ఆరబెట్టడంలో రేణువు కొంచెం చెడినా ఫలితం చాలా పడిపోగలదని మొదటి నుంచీ మాకు అనుమానం ఉంది.

డీఎస్పీసీ, కొలెస్టరాల్ రేణువుకు కట్టుబాటునిస్తాయి. పెగ్ లిపిడ్ పైపొరగా నిలిచి, రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. 14 కార్బన్ల తోకలున్న పెగ్ లిపిడ్ శరీరంలోకి వెళ్లాక త్వరగా ఊడిపోతుంది, 18 కార్బన్ల తోకలున్నది చాలాసేపు అంటిపెట్టుకుని ఉండి కణంలోకి ప్రవేశాన్ని అడ్డుకుంటుంది. అందుకే మాకు మొదటిది కావాలి.

ఒక మాట ఇక్కడే చెప్పి ముందుకు వెళ్తాను. సెమినార్లలో వీటిని లైపోసోములని పిలవడం తరచూ వింటున్నాం. 1960లలో ఇంగ్లండులో అలెక్ బాంగ్‌హామ్ వర్ణించిన లైపోసోము మధ్యలో నీటి గది ఉన్న పొరల సంచి. మా రేణువు లోపల నీటి గది లేదు, ఆర్ఎన్ఏ, అయనీకరణ లిపిడ్ (మా విషయంలో ఎంసీ3) కలిసి దట్టంగా నిండిన గర్భం ఉంది. మలేరియా టీకా ఆర్‌టీఎస్,ఎస్‌లో ఉన్నవి నిజమైన లైపోసోములే, కానీ అవి అక్కడ రోగనిరోధక స్పందనను పెంచే ఏఎస్01 సహాయకంలో భాగం, ఆర్ఎన్ఏను మోయవు. ఆరబెట్టేటప్పుడు ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే లైపోసోములను ఆరబెట్టిన దశాబ్దాల అనుభవం మాకు సగమే పనికొస్తుంది.

జూలై

మిశ్రణం. లిపిడ్లు ఇథనాల్‌లో, ఆర్ఎన్ఏ పీహెచ్ 4 ఉన్న సిట్రేట్ బఫర్‌లో (బఫర్ అంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం). రెండు సిరింజీలు, రెండు పంపులు, ఒక మైక్రోఫ్లూయిడిక్ చిప్. నీటి వైపు మూడు పాళ్లు, ఇథనాల్ వైపు ఒక పాలు, మొత్తం ప్రవాహం నిమిషానికి 12 మిల్లీలీటర్లు. నైట్రోజన్–ఫాస్ఫేట్ నిష్పత్తి, అంటే ఎంసీ3లోని అమీన్లకు, ఆర్ఎన్ఏలోని ఫాస్ఫేట్లకు ఉండే నిష్పత్తి 6. చిప్‌లోని వంకరటింకర గాట్ల వల్ల రెండు ద్రవాలు మిల్లీసెకన్లలో కలిసిపోయి, ఇథనాల్ ఒక్కసారిగా పలచబడటంతో లిపిడ్లకు కరిగి ఉండే చోటు లేక, అవి ఆర్ఎన్ఏ చుట్టూ చేరి రేణువులుగా కడతాయి. అదే మిశ్రణం చేత్తో, పిపెట్‌తో నెమ్మదిగా చేస్తే పెద్దవీ చిన్నవీ కలగలిసిన రేణువులు వస్తాయి. కొత్తగా చేరిన విద్యార్థులకు తేడా తెలియాలని అది కూడా చేసి చూపించాం.

కొన్ని సంగతులు రాసి పెట్టుకోవలసినవి. మైనస్ 20లో ఉంచిన లిపిడ్ ద్రావణం నుంచి డీఎస్పీసీ, కొలెస్టరాల్ తెల్లగా విడివడి అడుగున చేరతాయి. 37 డిగ్రీలకు వేడిచేసి, అంతా స్వచ్ఛంగా కరిగాకే సిరింజిలోకి తీసుకోవాలి. చిప్ నుంచి మొదట వచ్చే కొద్ది ద్రవాన్ని, చివర వచ్చే కొద్ది ద్రవాన్ని పారబోయాలి, ఎందుకంటే ప్రవాహం ఇంకా స్థిరపడని ఆ క్షణాల్లో పాళ్లు సరిగా ఉండవు. సిరింజిలో గాలి బుడగ ఉండకూడదు. ఇక ఆర్ఎన్ఏ ఖరీదు దృష్ట్యా, ప్రవాహపు వేగాలు సరిచూసుకునే బ్యాచ్‌లన్నిటినీ ఈస్ట్ నుంచి తీసిన చవకైన ఆర్ఎన్ఏతో చేశాం. లూసిఫరేజ్ ఆర్ఎన్ఏను ముట్టింది ఆ తర్వాతే. చెమటలో, చేతి మీద, గాలిలోని ధూళిలో ఆర్ఎన్ఏను తెగ్గొట్టే ఎంజైములు ఉంటాయి గనుక, ఆ బల్ల దగ్గరకు చేతి తొడుగులు మార్చుకోకుండా ఎవరూ రాకూడదన్న నియమం పెట్టాం. హైదరాబాదు జూలైలో తొడుగుల లోపల చెమట ఎలా పడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మిశ్రణం తర్వాత రాత్రంతా డయాలసిస్, అంటే సన్నని పొర గుండా చుట్టూ ఉన్న ద్రవాన్ని మార్చడం. ఇథనాల్ పోవాలి, పీహెచ్ 4 నుంచి 7.4కు రావాలి.

జూలై, చివరి వారం

కొలతలు బాగున్నాయి. రేణువులు వెదజల్లే కాంతిని బట్టి పరిమాణం కొలిచే డీఎల్ఎస్ యంత్రం వాటి సగటు వ్యాసాన్ని 80 నానోమీటర్ల చుట్టుపక్కల చూపిస్తున్నది. పీడీఐ, అంటే పరిమాణాల్లో ఎంత చెదురు ఉందో చెప్పే సంఖ్య, 0.2కు బాగా లోపలే ఉంది. రైబోగ్రీన్ అనే రంగు లిపిడ్ పొరను దాటి లోపలికి పోలేదు గనుక, ముందు ఆ రంగుతో బయట మిగిలిన ఆర్ఎన్ఏను, తర్వాత ట్రైటాన్ అనే డిటర్జెంటుతో రేణువులను బద్దలుకొట్టి మొత్తం ఆర్ఎన్ఏను కొలిచి, తేడా నుంచి లోపల ఇమిడినది ఎంతో లెక్కిస్తాం. అది 90 శాతానికి పైనే ఉంది.

ఈ రెండు యంత్రాలూ చెప్పని సంగతులను కూడా ఇప్పుడే రాస్తున్నాను. డీఎల్ఎస్‌లో వెదజల్లబడే కాంతి వ్యాసపు ఆరో ఘాతాన్ని అనుసరిస్తుంది కాబట్టి, నాలుగు పెద్ద ముద్దలుంటే వేల చిన్న రేణువుల మాట వినిపించదు. ఆ సగటును ఒంటరిగా నమ్మకూడదు. రైబోగ్రీన్ తెగిన ఆర్ఎన్ఏ ముక్కలకు కూడా అంటుకుంటుంది కాబట్టి, లోపల ఉన్నది నిండు సందేశమో, ముక్కలో అది చెప్పదు. ముక్కలు చూడటానికి, ఆర్ఎన్ఏను పొడవును బట్టి విడదీసే జెల్ పెట్టాలి. ఇంతకు మించి ఏం కావాలో ప్రస్తుతానికి మా ప్రణాళికలో లేదు.

ఆగస్టు

ఆరబెట్టడానికి ముందు గడ్డకట్టించాలి, గడ్డకట్టినప్పుడే సగం నష్టం జరుగుతుంది. నీరు మంచు స్ఫటికాలుగా మారేకొద్దీ మిగిలిన కొద్ది ద్రవంలోకి రేణువులు, లవణాలు అన్నీ నెట్టబడి ఇరుక్కుంటాయి. అంత దగ్గరగా చేరిన రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చక్కెర వేయని ఫాస్ఫేట్ బఫర్‌లో గడ్డకట్టించి కరిగించిన మా రేణువులు కంటికే పాలలా కనిపించాయి. కొలవడం కేవలం నమోదు కోసమే.

సుక్రోజ్ కలిపితే పరిస్థితి బాగా మెరుగుపడింది. వంద మిల్లీలీటర్లకు 8 నుంచి 10 గ్రాముల మేర సుక్రోజ్ ఉన్నప్పుడు, మంచు స్ఫటికాల నడుమ మిగిలే ద్రవం స్ఫటికం కట్టకుండా గాజులా బిగుసుకుంటుంది; రేణువులు ఆ గాజులో విడివిడిగా చిక్కుకుపోతాయి. అయినా ఫాస్ఫేట్ బఫర్‌తో చేసిన వాటిలో పీడీఐ ప్రతిసారీ కొంత పెరుగుతూనే వచ్చింది.

దీనికి కారణం రసాయన పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. సోడియం ఫాస్ఫేట్ బఫర్‌లో రెండు లవణాలుంటాయి. చల్లబడినప్పుడు వాటిలో క్షారగుణం గల డైసోడియం లవణం ముందుగా స్ఫటికమై పక్కకు తప్పుకుంటుంది, ఆమ్లగుణం గలది ద్రవంలో మిగిలిపోతుంది. దాంతో గడ్డకట్టే నడుమ పీహెచ్ 7 దగ్గర నుంచి 4 దగ్గరకు కూడా పడిపోగలదు. అంటే ఎంసీ3 పీకేఏకు ఎంతో కిందికి. రేణువు సరిగ్గా ఎండోసోములో మాత్రమే చూడవలసిన ఆమ్లతను ఫ్రీజర్‌లోనే చూస్తున్నదన్నమాట. ఆవేశం తెచ్చుకున్న లిపిడ్లు పక్క రేణువుల పొరలతో కలిసే అవకాశం అక్కడే మొదలవుతుందని మా అంచనా. అందుకే ట్రిస్ బఫర్‌కు మారాం. మోడర్నా మొదటి నుంచీ ట్రిస్‌నే వాడింది; ఫైజర్ కూడా 2021లో పిల్లల టీకాకు ఫాస్ఫేట్ నుంచి ట్రిస్‌కు మారింది, ఆ రూపంలో 2–8 డిగ్రీల మధ్య 10 వారాల నిల్వకు అనుమతి దొరికింది. బఫర్ మార్పు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నా అభిప్రాయంలో గత కొన్నేళ్లలో ఈ టీకాల పంపిణీని తేలికచేసిన అతి చవకైన మార్పు ఇదే.

ట్రిస్‌కు తన ఇబ్బంది తనకుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే దాని పీహెచ్ సుమారు 0.03 పెరుగుతుంది, 25 డిగ్రీల దగ్గర 7.4గా సరిచేసినది 4 డిగ్రీల దగ్గర 8కి చేరుతుంది. ఆర్ఎన్ఏకు క్షారత పడదు. కాబట్టి పీహెచ్‌ను గది ఉష్ణోగ్రత దగ్గర కాక, నిల్వ ఉష్ణోగ్రతను దృష్టిలో పెట్టుకుని సరిచేస్తున్నాం.

సెప్టెంబరు

నగరానికి దూరంగా ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, టీకా రోజున అక్కడి పనిని దగ్గరుండి చూశాం. ఆరబెట్టిన టీకా అన్నది అక్కడ ఎవరికీ వింత కాదు: బీసీజీ, మీజిల్స్–రుబెల్లా టీకాలు పొడిగానే వస్తాయి, డైల్యూయెంట్ కలిపాక 4 గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. డైల్యూయెంటును కూడా కలిపే ముందు ఐఎల్ఆర్‌లోనే చల్లబరుస్తారు, ఎందుకంటే వేడిగా ఉన్న ద్రవం తగిలితే టీకా దెబ్బతింటుంది. ఐఎల్ఆర్ ఉష్ణోగ్రతను, టీకాల నిల్వలను ఆన్‌లైన్‌లో గమనించే ఈవిన్ వ్యవస్థకు చెందిన పరికరం నమోదు చేస్తుంటుంది. సీసా మీద ఉండే వీవీఎం చుక్క వేడి తగిలిందో లేదో చెబుతుంది, గడ్డకట్టిందో లేదో చెప్పదు. పెంటావాలెంట్ వంటి, అల్యూమినియం లవణం ఉన్న టీకాలు గడ్డకడితే పాడవుతాయి గనుక, సిబ్బంది భయమంతా ఐస్ ప్యాకుల నుంచి వచ్చే అతి చల్లదనం గురించే. మా పొడికి ఆ భయం ఉండదు. ఇది నేను ప్రయోగశాలలో కూర్చుని ఎన్నడూ లెక్కలోకి తీసుకోని లాభం.

మా పద్ధతి గురించి చెప్పి, సీసాలో నీళ్లు పోశాక నెమ్మదిగా తిప్పుతూ కొంతసేపు ఆగాలన్నాను. అక్కడి ఏఎన్ఎం గారు నవ్వి, "కలపడం మాకు కొత్త కాదు మేడమ్, రోజూ చేసేదే. కానీ పావుగంట తిప్పుతూ కూర్చోమంటే మాత్రం బిడ్డను చంకనేసుకుని వచ్చిన తల్లి ఆగదు, పొలం పనికి వెళ్లిపోతుంది" అన్నారు. తిరిగి వచ్చాక ప్రణాళికలో రెండు మార్పులు చేశాం. పొడి ఒకటి రెండు నిమిషాల్లో, వోర్టెక్స్ యంత్రం వంటిదేదీ లేకుండా, చేత్తో తిప్పితేనే పూర్తిగా కరగాలి. కలపడానికి వాడేది మామూలు ఇంజెక్షన్ నీరే కావాలి. చక్కెర, బఫర్ అన్నీ పొడిలోనే ఉండి, నీళ్లు పోశాక సరైన గాఢతకు రావాలి.

అక్టోబరు

ఫ్రీజ్ డ్రైయర్‌తో గడిపిన నెల ఇది. సూత్రం తేలికే: గడ్డకట్టిన సీసాలను వాక్యూమ్‌లో ఉంచితే మంచు నీరు కాకుండానే ఆవిరై పోతుంది, ఆ తర్వాత కొద్దిగా వేడిచేస్తే చక్కెరకు అంటుకున్న తేమ కూడా వెళ్లిపోతుంది. ఆచరణలో మొత్తం పని ఒక అంకె చుట్టూ తిరుగుతుంది. బాగా గడ్డకట్టిన సుక్రోజ్ గాజు మెత్తబడే ఉష్ణోగ్రత మైనస్ 32 డిగ్రీల దగ్గర ఉంటుంది. మొదటి దశ ఆరబోతలో సీసాలోని పదార్థం దానికంటే వేడెక్కితే, గాజు మెత్తబడి, రంధ్రాలతో గుల్లగా ఉండవలసిన బిళ్ల ఎండిన వడియంలా ముడుచుకుపోతుంది. అలాంటి బిళ్లలో తేమ మిగిలిపోతుంది, నీళ్లు పోసినా త్వరగా కరగదు. షెల్ఫును మైనస్ 25 దగ్గర ఉంచినా, ఆవిరవుతున్న మంచు వేడిని లాక్కుంటుంది కాబట్టి పదార్థం అంతకంటే చల్లగానే ఉంటుంది; ఎంత చల్లగా ఉందన్నది సీసాలో పెట్టిన సన్నని థర్మోకపుల్ మాత్రమే చెప్పగలదు. ఉప్పు ఉంటే గాజు మెత్తబడే ఉష్ణోగ్రత ఇంకా కిందికి దిగుతుంది గనుక, ఆగస్టులోనే సోడియం క్లోరైడును కూర్పు నుంచి తీసేయడం ఇప్పుడు కలిసివచ్చింది. ట్రెహలోజ్ గాజు రెండు మూడు డిగ్రీలు పైనే మెత్తబడుతుంది. అది కొంత వెసులుబాటు, అందుకే రెండు చక్కెరలతోనూ బ్యాచ్‌లు నడుపుతున్నాం.

షెల్ఫు అంచున ఉన్న సీసాలు నడుమ ఉన్నవాటికంటే ముందు ఆరతాయి, ఎందుకంటే గది గోడల నుంచి వాటికి వేడి ఎక్కువ అందుతుంది. అంచు వరుసను ఖాళీ చక్కెర సీసాలతో నింపి, నడిమి వరుసల్లోనే అసలు నమూనాలు పెడుతున్నాం. ఒక బ్యాచ్ మధ్యలో కరెంటు పోయి, భవనం జనరేటరు మీదికి మారే లోపు వాక్యూమ్ పంపు ఆగింది. ఆ సీసాల బిళ్లలన్నీ ముడుచుకుపోయాయి. వాటిని పారేయకుండా ఉంచాం, ఎందుకంటే ముడుచుకున్న బిళ్లలోని రేణువులు నిజంగా ఎంత చెడతాయో చూడాలన్న ఆసక్తి ఉంది.

కార్ల్ ఫిషర్ పరీక్షలో మంచి సీసాల తేమ ఒక శాతం దగ్గరకు దిగింది. రబ్బరు మూతల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: ఆవిరితో శుభ్రపరచిన మూతలు తేమను పీల్చుకుని, తర్వాత నెలల తరబడి దాన్ని పొడిలోకి వదులుతుంటాయి. వాటిని వేడి ఓవెన్‌లో ఆరబెట్టాకే సీసాలకు పెడుతున్నాం.

నవంబరు

ఈ నెలలో వచ్చిన ఫలితం ప్రాజెక్టు దిశనే మార్చింది కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను.

ఆరబెట్టి, ఐఎల్ఆర్ ఉష్ణోగ్రతలో ఉంచి, నీళ్లు కలిపిన రేణువులు కాగితం మీద నిర్దోషంగా ఉన్నాయి. పరిమాణం తాజా రేణువులకంటే కొద్దిగా మాత్రమే పెరిగింది, పీడీఐ హద్దుల్లోనే ఉంది, లోపలి ఆర్ఎన్ఏ శాతం దాదాపు తగ్గలేదు, జెల్ మీద ఆర్ఎన్ఏ పట్టీ స్పష్టంగా, తోక లేకుండా వచ్చింది. ఇవే రేణువులను ప్రయోగశాలల్లో పెంచే హెచ్ఈకే 293 అనే మానవ కణాలకు, కాలేయానికి చెందిన హెప్‌జీ2 కణాలకు ఇచ్చి మర్నాడు వెలుగు కొలిస్తే, తాజా రేణువులు ఇచ్చిన దానిలో సగం కూడా లేదు. ఇదే బ్యాచ్ నుంచి మైనస్ 80లో గడ్డకట్టించి ఉంచిన నమూనాలు మాత్రం తాజావాటికి దగ్గరగానే వెలిగాయి.

మొదటి అనుమానం కణాల్లోకి ప్రవేశం మీద పడింది. ఎంసీ3 రేణువులు ద్రవంలో ఉన్న ఏపోఈ అనే ప్రోటీన్‌ను తమ మీద పూసుకుని, దాని ద్వారా కణంలోకి పోతాయి. కణ మాధ్యమంలో అదనంగా ఏపోఈ కలిపి చూశాం. అన్ని నమూనాల్లోనూ వెలుగు పెరిగింది గానీ తేడా అలాగే నిలిచింది. రంగు పూసిన లిపిడ్‌తో చూస్తే ఆరబెట్టిన రేణువులు కణాల్లోకి చక్కగానే వెళ్తున్నాయి. అంటే లోపలికి వెళ్లాకే ఏదో జరుగుతున్నది, లేదా జరగవలసినది జరగడం లేదు.

రెండో అనుమానం రేణువు లోపలి అమరిక. ఆరినప్పుడు కొలెస్టరాల్, డీఎస్పీసీ పొరలు ఎంసీ3 గర్భం నుంచి విడివడి, నీళ్లు కలిపాక మళ్లీ వెనుకటి చోటికి చేరకపోవచ్చు. బయటి వ్యాసం మారకుండానే లోపల ఇంత మార్పు జరగడం సాధ్యమే, డీఎల్ఎస్‌కు అది కనిపించదు. దీన్ని క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితోనే తేల్చాలి. మరో సంస్థలోని యంత్రం మీద సమయం కోసం దరఖాస్తు చేశాం.

మూడోది మా రసాయన శాస్త్ర సహోద్యోగి లేవనెత్తినది, నాకు అన్నిటికంటే బలంగా కనిపించినది. 2021లో మోడర్నా శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధన ప్రకారం, అయనీకరణ లిపిడ్‌లోని తృతీయ అమీన్ ఆక్సీకరణం చెంది ఎన్–ఆక్సైడుగా మారి, అది విచ్ఛిన్నమై ఆల్డిహైడును వదులుతుంది. ఆ ఆల్డిహైడు ఆర్ఎన్ఏ సందేశానికి అక్షరాల్లాంటి నత్రజని క్షారాలకు అతుక్కుంటుంది. అలా అతుకు పడిన ఆర్ఎన్ఏ తెగదు, పొడవు మారదు, కాబట్టి జెల్ మీద నిర్దోషంగానే కనిపిస్తుంది. కానీ కణంలో ప్రోటీన్‌ను తయారుచేసే రైబోసోము దాన్ని చదవజాలదు. ఆరబెట్టిన బిళ్ల గుల్లగా ఉంటుంది, సీసాలో మూత కింద గాలి ఉంటుంది, లిపిడ్, ఆర్ఎన్ఏ, ఆక్సిజన్ నెలల తరబడి పక్కపక్కనే ఉంటాయి. ద్రవంలో జరిగే కొన్ని చర్యలను ఆరబోత ఆపుతుంది, నిజమే. ఈ చర్యకు మాత్రం అది చోటు కల్పిస్తున్నదేమో అనిపించింది.

డిసెంబరు

అయాన్ జోడింపుతో కూడిన రివర్స్ ఫేజ్ క్రొమటోగ్రఫీ పరీక్షను సిద్ధం చేసుకోవడానికి నెలలో అధిక భాగం పట్టింది. లిపిడ్ అతుక్కున్న ఆర్ఎన్ఏ మామూలు ఆర్ఎన్ఏకంటే జిడ్డుగుణం ఎక్కువై, కాలమ్ నుంచి ఆలస్యంగా బయటికి వస్తుంది. తాజా నమూనాలో ఒకే శిఖరం వచ్చింది. ఆరబెట్టిన నమూనాలో దాని వెనుక రెండో శిఖరం స్పష్టంగా ఉంది. ముడుచుకున్న బిళ్లల్లో, తేమ ఎక్కువ మిగిలిన చోట, అది ఇంకా పెద్దది. పారేయకుండా ఉంచిన ఆ బ్యాచ్ ఇలా అక్కరకొచ్చింది.

చేసిన మార్పులు ఇవి. సీసాకు మూత బిగించే ముందు ఫ్రీజ్ డ్రైయర్ గదిలోకి శుద్ధమైన నైట్రోజన్‌ను వదులుతున్నాం, అంతకుముందు మామూలు గాలినే వదిలేవాళ్లం. ఎంసీ3 ప్రతి కొత్త సీసాను వాడే ముందు ఎన్–ఆక్సైడు కల్మషం కోసం పరీక్షించి, తెరిచాక ఆర్గాన్ కింద ఉంచుతున్నాం; ఒకే సరఫరాదారు నుంచి వచ్చిన వేర్వేరు లాట్ల మధ్య కూడా తేడా కనిపించింది. ట్రిస్‌ను అలాగే కొనసాగిస్తున్నాం. దానిలోని ప్రాథమిక అమీన్ ఆల్డిహైడుతో చర్య జరపగలదు కాబట్టి, ఆర్ఎన్ఏ కంటే ముందు తానే ఆ ఆల్డిహైడును పట్టుకునే అవకాశం కూడా ఉంది. ఈ మార్పులన్నీ కలిపి చేసిన బ్యాచ్‌లో రెండో శిఖరం చాలావరకు తగ్గింది, కణాల్లో వెలుగు పెరిగింది. ఏ మార్పు ఎంత మేలు చేసిందో విడదీసి చూపే ప్రయోగం ఇంకా చేయలేదు. నిధుల నివేదికకు అది అవసరం లేదు గానీ, శాస్త్రానికి అవసరం.

జనవరి

సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతి వచ్చాక ఎలుకల్లో పరీక్ష మొదలైంది. తొడ కండరంలోకి ఇంజెక్షన్, కొన్ని గంటల తర్వాత లూసిఫెరిన్, ఆపై చీకటి గదిలో కెమెరా. తాజా రేణువులు, గడ్డకట్టించినవి, గాలితో మూత బిగించిన పొడి, నైట్రోజన్‌తో బిగించిన పొడి – ఈ నాలుగింటినీ పోలుస్తున్నాం. అన్నింటిలోనూ కండరం దగ్గరే ప్రధాన వెలుగు కనిపించింది. కొంత కాలేయంలోనూ కనిపించింది, ఏపోఈ వల్ల అది ఊహించినదే. గాలితో బిగించినది నాలుగింటిలోకీ వెనుకబడింది. నైట్రోజన్‌తో బిగించినది గడ్డకట్టించిన దానికి దగ్గరగా వచ్చింది గానీ, ఒక ఎలుకకూ మరో ఎలుకకూ తేడా ఎక్కువగా ఉంది. గట్టిగా ఏదైనా అనాలంటే ఇంకా ఎలుకలు కావాలి. పైగా వెలుగు అంటే ప్రోటీన్ తయారైందనే, ప్రతిరక్షకాలు పుట్టాయని కాదు. అందుకోసం కోడిగుడ్డు తెల్లసొనలోని ఓవల్బుమిన్ సందేశంతో రేణువులు చేసి, రెండు మోతాదులిచ్చి రక్తరసాన్ని పరీక్షించే ప్రణాళిక ఆమోదం కోసం పంపాం.

స్థిరత్వ పరీక్ష గదుల్లో, 5 డిగ్రీలు, 25 డిగ్రీలు, 40 డిగ్రీల దగ్గర, నైట్రోజన్ సీసాలను పెట్టాం. వ్యాక్సిన్ క్యారియర్‌లోనూ కొన్ని పెట్టి, ఐస్ ప్యాకులు కరిగిపోయేదాకా ఆరుబయట ఉంచి చూడాలన్నది ఏఎన్ఎం గారి సూచన. వేసవిలో అది కూడా చేస్తాం. ఏప్రిల్‌లో మొదటి సీసాలు తెరిచినప్పుడు పరీక్షల వరుస మారుతుంది: ముందు క్రొమటోగ్రఫీ, ఆ తర్వాత కణాల్లో వెలుగు, చివర డీఎల్ఎస్. మొదటి రెండింటిలో నిలవని బ్యాచ్‌ను, పరిమాణం ఎంత చక్కగా ఉన్నా, ఎలుకల దాకా తీసుకెళ్లేది లేదు.